చావు చూసొచ్చిన కోళ్లు

గుడ్డును కనురెప్పకు ఆనిస్తే దాని వేడి తెలుస్తుంది. చేతికి తెలియదు, చేయి మొరటుది. మా నాన్న నాకు అలాగే నేర్పాడు. ఆయనకు వాళ్ల నాన్న నేర్పాడు. అరవై ఏళ్లుగా నేను గుడ్లను కంటికి ఆనిస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. గుడ్ల విషయంలో.

మా గుడ్ల కొట్టం హాజీ బస్తవీసీది. నాకు పెదనాన్న కొడుకు. గోడలు పచ్చి ఇటుకవి, మూరన్నర మందం. మధ్యలో సన్నటి నడవ, దానికి రెండు వైపులా గదులు, ఒక్కో గదికి పాకితే గానీ పట్టని కంత. తాతల కాలంలో పిడకలు కాల్చి వేడి పుట్టించేవాళ్లు. నా కాలానికి కిరసనాయిలు దీపాలు వచ్చాయి. చాప మీద గుడ్లు కుప్పగా పోసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలికి పాకి, గుడ్ల మధ్య వట్టి కాళ్లతో నిలబడి, ఒక్కోదాన్నీ తిప్పాలి. ఇరవై ఒకటో రోజున పెంకులు పగిలి పిల్లలు లేస్తాయి. అప్పుడు ఆ గది అంతా నూగు ఎగురుతూ ఉంటుంది. ముక్కులోకి, నోట్లోకి, టీ గ్లాసులోకి కూడా వస్తుంది. మాకది అలవాటే.

లేచిన పిల్లల్ని ఊరూరా తిప్పి అమ్మేది నబావియ్యా. మొగుడు పోయి తొమ్మిదేళ్లయింది. కొడుకు హిలాల్ సైన్యంలో ఉన్నాడు. ఆమెకు ఒక గాడిద, ఈతమట్టలతో అల్లిన నాలుగు బుట్టలు, కాలవ అవతలి ఊరిక్కూడా వినబడే గొంతు ఉన్నాయి. బుట్టలు నింపుకోవడానికి వచ్చినప్పుడల్లా నన్ను ఏదో ఒకటి అనకుండా వెళ్లేది కాదు.

"షహాతా మామా! నిన్నటి నుంచి ఎన్ని మాటలు పొదిగావు? ఒక్కటైనా లేచిందా?"

నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి.

"లేవలేదన్నమాట. అన్నీ మురిగిపోయాయి. సరే, రేపు చూద్దాం."

తను మిద్దె మీద ఇరవై మూడు కోళ్లు పెంచుకునేది. మా కొట్టం పిల్లల్ని వాటిలో కలిపేది కాదు. తన కోడినే గుడ్ల మీద కూర్చోబెట్టేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"పొదగడం కోడికి నీకంటే బాగా తెలుసు మామా. పైగా అది నీకంటే ఎక్కువ మాట్లాడుతుంది" అంది.

ఇక నా కోళ్ల సంగతి. రెండేళ్ల కిందట, చలికాలం చివర వీచే అమ్షీర్ గాలులు ఆగిన కొత్తలో ఒక గదిలో పిల్లలకు తెల్ల పారుడు వచ్చింది. వెనకంతా సున్నం పూసినట్టు అంటుకుపోయింది. రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని, ఒకదాని మీద ఒకటి ఎక్కి ముడుచుకున్నాయి. మూడు వందల పిల్లల్లో పన్నెండు మిగిలాయి. మా నాన్న చెప్పిన మాట ఒకటుంది. చావు చూసొచ్చిన కోడిని కోయకూడదు, అమ్మకూడదు. దాని గుడ్లను కుప్పకు మూడు నాలుగు చొప్పున కలపాలి. దాని బలం మిగతావాటికి అందుతుంది. కొట్టాలు నడిపేవాళ్లందరం అలాగే చేస్తాం. నేను ఆ పన్నెండింటినీ మా మిద్దె మీద పెంచాను. నిగనిగలాడుతూ ఉండేవి. వాటిలో పెద్దదానికి మస్తూరా అని పేరు పెట్టాను. ఏడాదిన్నరగా మా కొట్టంలో వాటి గుడ్డు లేని కుప్ప లేదు. నిరుడు కొన్ని పిల్లలు పోయాయి. గాలి మార్పు అనుకున్నాం.

ఈ ఏడు గాలి మార్పు అనుకోవడానికి వీల్లేకపోయింది. కొట్టం నుంచి తీసుకెళ్లిన నాలుగో రోజుకల్లా పిల్లలు ముడుచుకుపోవడం మొదలుపెట్టాయి. ఆడవాళ్లు కొంగుల్లో చచ్చిన పిల్లల్ని తెచ్చి కొట్టం గుమ్మం ముందు పోశారు. మా ఊళ్లో, కాలవ అవతల, ఇటుక బట్టీల దగ్గరి పల్లెలో, అన్ని చోట్లా అదే. నబావియ్యా గాడిద వెళ్లిన చోటల్లా అదే.

రొట్టెలు కాల్చి అమ్మే ఫిక్రియా ముందు నోరు తెరిచింది.

"ఆ గాడిద ఏ గుమ్మం ముందు ఆగితే ఆ ఇంట్లో చావే."

"పాపం, గాడిదేం చేసిందే?" అంది పక్కనున్న ముసలామె.

"గాడిద సంగతి కాదమ్మా, గాడిద మీద కూచున్నదాని కన్ను సంగతి చెప్తున్నా. తన మిద్దె మీద ఒక్క ఈక రాలిందా? మన కోళ్లు చావడం, దాని కోళ్లు గుడ్లు పెట్టడం. మనమేమన్నా గుడ్డివాళ్లమా?"

ఆ మాట రొట్టెలతో పాటు ఇంటింటికీ వెళ్లింది.

నబావియ్యా అరిచి గోల చేసే మనిషే. ఈసారి అరవలేదు. ఏడు చచ్చిన పిల్లల్ని గుడ్డలో మూటగట్టుకుని పట్నం వెళ్లింది. మర్నాడు పశువుల డాక్టరమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. సన్నటి అమ్మాయి. బూట్లకు బురద. చేతిలో ఒక తెల్ల గచ్చుబిళ్ల, ఊదారంగు మందున్న చిన్న సీసా. నబావియ్యా మిద్దె మీద ఒక్కో కోడి రెక్క కింద సూదితో గుచ్చి, ఒక చుక్క రక్తం బిళ్ల మీద వేసి, పక్కనే ఒక చుక్క మందు వేసి, పుల్లతో కలిపింది. ఊరు సగం కింద నిలబడి చూస్తోంది. నేను మెట్ల మీద ఉన్నాను.

"గడ్డలు కట్టలేదు. ఇరవై మూడూ శుభ్రంగా ఉన్నాయి" అంది డాక్టరమ్మ.

"అదే మేమూ అంటున్నాం. దాని కోళ్లకేం కాదు" అంది కింద నుంచి ఫిక్రియా.

డాక్టరమ్మకు ఆ ఎత్తిపొడుపు అర్థం కాలేదు. అందరికీ వినబడేలా చెప్పడం మొదలుపెట్టింది. ఈ జబ్బు కంటికి కనబడని పురుగు వల్ల వస్తుందట. తల్లి కోడి గుడ్ల సంచిలో కూర్చుంటుందట. గుడ్డులోకి దిగి, గుడ్డుతో పాటు పొదగబడి, పిల్లతో పాటు లేస్తుందట. అలాంటి పిల్ల ఒక్కటి లేచినా దాని నూగు గదంతా ఎగురుతుంది, మిగతావి ఆ నూగునే పీలుస్తాయి.

"ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. జబ్బు వచ్చి బతికిన కోడిని చూసి మోసపోవద్దు. అది బాగానే తింటుంది, బాగానే పెడుతుంది. చచ్చేదాకా జబ్బును మోస్తూనే ఉంటుంది."

ఎండ మండుతోంది. నేను మెట్ల మీది నుంచి మా మిద్దె వైపు చూశాను.

ఆమె కొట్టం కోళ్లను కూడా చూస్తానంది. హాజీ బస్తవీసీ ఎదురెళ్లి నవ్వాడు.

"కొట్టానికి కోళ్లెక్కడివి డాక్టరమ్మా? ఊరి ఆడవాళ్లు గుడ్లు తెస్తారు, మేం వేడి చేస్తాం, అంతే. రండి, టీ తాగి వెళ్లండి. ఇంత ఎండలో వచ్చారు."

ఆమెకు ఇంకా మూడు ఊళ్లు ఉన్నాయి. టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున నేను మస్తూరాను బుట్టలో పెట్టి, పైన చొక్కా కప్పి, పట్నం వ్యాను ఎక్కాను. ఎందుకెళ్లానో నాకే తెలియదు. ఆ అమ్మాయి చెప్పింది తప్పని చూపించాలనుకున్నానేమో. పశువుల ఆసుపత్రిలో ఆమె బిళ్ల మీద చుక్క కలిపిన నిమిషంలోనే రక్తం పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా విడిపోయింది.

"ఇలాంటివి ఎన్ని ఉన్నాయి మామా?"

"పన్నెండు."

"వాటి గుడ్లు?"

"కుప్పల్లో."

"ఏ కుప్పలో?"

"అన్నిట్లో."

ఆమె పుల్ల కింద పెట్టేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"పన్నెండింటినీ కోసి పూడ్చాలి. కొట్టంలో ఉన్న గుడ్లన్నీ పారేయాలి. కడిగి, మందు పొగ వేసి, మూసేయాలి. కాగితం మీద పై వాళ్ల సంతకం కావాలి, నేను రావడానికి పది రోజులు పడుతుంది. ఈలోగా ఒక్క పిల్ల కూడా బయటికి పోకూడదు. ఊళ్లో వాళ్లకు మీరు చెప్పండి. నేను చెబితే వాళ్లకు అర్థం కావడం లేదు. మీరు చెబితే నమ్ముతారు. చెప్తారు కదా?"

"చెప్తాను" అన్నాను.

ఇంటికి రాగానే హాజీకి చెప్పాను. నేను ఒక్క గుక్కలో అన్ని మాటలు అనడం ఆయన ఎప్పుడూ వినలేదు. నడవలో దీపం ఒత్తి సవరిస్తున్నవాడు అలాగే ఆగిపోయాడు.

"ఇంకెవరికి చెప్పావు?"

"ఎవరికీ లేదు."

"నాలుగు గదుల్లో పదిహేనో రోజు గుడ్లు ఉన్నాయి. లోపల పిల్ల తయారై కదులుతోంది, నువ్వే కదా ఎండకు పెట్టి చూశావు. ఇప్పుడు వీటిని కాలవలో పొయ్యమంటావా?"

"డాక్టరమ్మ పారేయమంది."

"ఆవిడకేం, ఉద్యోగం. షహాతా, ఇలా చూడు. ఇవి లేస్తాయి, వెళ్తాయి. తర్వాత నేనే మూస్తాను, సున్నం వేయిస్తాను. డెబ్భై ఏళ్లు ఏమీ చెప్పకుండా బతికావు. ఇంకో వారం బతకలేవా?"

నేను మిద్దె ఎక్కి పన్నెండు కోళ్లనూ కోశాను. మస్తూరాను చివర కోశాను. ఇంటి వెనక గొయ్యి తీసి, సున్నం చల్లి పాతిపెట్టాను. మట్టి కప్పి కాలితో తొక్కుతుంటే, తప్పు అక్కడితో పూడిపోయిందనిపించింది. ఎంత తేలిగ్గా అనిపించిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

శుక్రవారం నమాజు అయ్యాక ఊరి పెద్ద షేక్ మన్సీ ఇంటి చావడిలో పెద్దలు కూర్చున్నారు. మూడు ఊళ్ల మగవాళ్లు వచ్చారు. నబావియ్యా మీద ఫిర్యాదు. ఆమె గుమ్మం దగ్గర చాప చివర కూర్చుంది. హిలాల్‌కు కబురు పెట్టలేదట. సెలవు దొరకదని చెప్పింది.

ఒకడు తన ఇంట్లో అరవై పోయాయన్నాడు. ఒకడు కన్ను అన్నాడు. ఇంకొకడు, కన్నూ లేదు గిన్నూ లేదు, ఎక్కడో సంతలో చవగ్గా రోగిష్టి పిల్లల్ని కొని కొట్టం పిల్లల్లో కలిపి అమ్మిందన్నాడు. ఆ మాట షేక్‌కు నచ్చింది. కన్ను గురించి తీర్పు చెప్పడం కంటే అది సులువు.

"కలిపావా?" అని అడిగాడు.

"నా బుట్టలో పిల్ల ఎక్కడ లేచిందో షహాతా మామకు తెలుసు. ఆయన్నే అడగండి. ఆయన ఏం చెబితే అది" అంది నబావియ్యా.

షేక్ నా వైపు తిరిగాడు.

"ఈ షహాతా అబద్ధం ఆడగా విన్నవాళ్లెవరైనా ఉన్నారా?"

"అసలు మాట్లాడగానే వినలేదయ్యా" అన్నాడు వెనక నుంచి ఎవరో. చావడి అంతా నవ్వింది. నబావియ్యా కూడా నవ్వింది.

"సరే. షహాతా, ఒక్కటే అడుగుతాను. కొట్టంలో నీ చేతిలోంచి వెళ్లేటప్పుడు పిల్లలు బాగున్నాయా, లేదా?"

హాజీ బస్తవీసీ నా పక్కనే ఉన్నాడు. తస్బీ పూసలు జరుపుతున్నాడు, ఒక్కొక్కటే. నేను నోరు తెరిచాను. చెప్పాల్సింది చాలా ఉంది. పన్నెండు కోళ్లు, ప్రతి కుప్ప, మా నాన్న మాట, ఊదారంగు చుక్క. ఏది ముందు చెప్పాలో తెలియలేదు. మూడు ఊళ్ల వాళ్లు నా నోటి వైపు చూస్తున్నారు.

"బాగానే కనబడ్డాయి" అన్నాను.

అది అబద్ధం కాదు. మొదటి రోజు అన్నీ బాగానే కనబడతాయి.

"విన్నారుగా" అన్నాడు షేక్.

నబావియ్యా మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "ఇంకేమైనా ఉందా మామా?" అంది. చాలా నెమ్మదిగా అడిగింది, అలవాటు లేని గొంతుతో.

నేను తల అడ్డంగా ఊపాను.

తీర్పు చెప్పారు. ఆమె ఇక పిల్లలు అమ్మకూడదు. జబ్బు ఆగాలంటే ఆమె కోళ్లు ఊళ్లో ఉండకూడదు, ఆ రోజే కోసేయాలి. డాక్టరమ్మ శుభ్రంగా ఉన్నాయంది కదా అని ఒక్కడు అన్నాడు. "శుభ్రమైతే ఇంకా మంచిది, తినొచ్చు" అన్నాడు షేక్.

ఎవరూ తినలేదు. భయం. కాలవలో పడేయమంటే నబావియ్యా ఒప్పుకోలేదు. ఆ నీళ్లు నలుగురూ వాడతారంది. ఇరవై మూడింటికి తనే గొయ్యి తవ్వుకుంది. నేను మా గోడ చాటు నుంచి చూశాను. పార తీసుకుని వెళ్లాలనిపించింది. వెళ్లలేదు.

శనివారం నాలుగు గదుల్లోనూ పిల్లలు లేచాయి. హాజీ ఒక ఆటోవాణ్ణి పిలిపించి వాటిని ఊళ్లకు పంపాడు. నేనే లెక్కపెట్టి బుట్టల్లోకి ఎత్తాను. బుధవారానికి అవీ ముడుచుకున్నాయి. ఈసారి గాడిద లేదు. ఆడవాళ్లు గుమ్మం ముందు పిల్లల్ని పోసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫిక్రియా అందరికంటే ముందు ఇంటికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ కాగితంతో వచ్చింది. కొట్టం తలుపుకు ముద్ర వేసింది. మిద్దెలన్నీ ఎక్కి దిగింది. సాయంత్రానికి ఆమె సీసా ఖాళీ అయింది. గడ్డకట్టిన చుక్క కనబడని మిద్దె మా ఊళ్లో ఒక్కటీ లేదు. కొట్టం పిల్లల్ని కలుపుకోని ఇల్లు లేదు మరి.

"ఫరవాలేదు. ఆ నబావియ్యా కోళ్లు ఉన్నాయిగా. వచ్చే ఏడు వాటి గుడ్లతో మళ్లీ మొదలుపెట్టొచ్చు. వాటిని మాత్రం జాగ్రత్తగా చూసుకోండి" అంది.

ఎవరూ మాట్లాడలేదు. ఊరంతా నాలాగే అయిపోయింది.

నేను షేక్ మన్సీ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"ఇప్పుడెందుకయ్యా ఇదంతా? పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. దాన్ని తిరగదోడితే రేపు ఎవడు మన మాట వింటాడు? అల్లా రాసింది జరిగింది. నీ మీద నాకేం కోపం లేదు."

ఎవరికీ కోపం లేదు. అదే విచిత్రం. మసీదు దగ్గర నాకు సలాములు తగ్గలేదు. హాజీ పట్నంలో కరెంటు పెట్టె కొని అక్కడ పొదిగించడం మొదలుపెట్టాడు. ఆ ఆటోవాడే అమ్ముతున్నాడు. నబావియ్యా ఇంటికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. వెళ్తే ఏదో ఒకటి అనాలి కదా.

నేను వెళ్లడానికి నెల పట్టింది. ఆమె ఇంట్లో లేదు. ఎవరిదో చేలో కూలికి పశువుల మేత కోస్తోంది. గాడిదను అమ్మేసింది. గట్టు మీద నిలబడ్డాను. ఆమె తల ఎత్తలేదు, కొడవలి ఆపలేదు.

"నబావియ్యా, నీకొక మాట చెప్పాలి. జబ్బు నా కోళ్లది. నాకు ముందే తెలుసు" అన్నాను.

"తెలుసు."

"డాక్టరమ్మ చెప్పిందా?"

"సభకు రెండు రోజుల ముందు. నాకు మాట సాయం చేసిందని ఆవిడకు నాలుగు గుడ్లు ఇద్దామని వెళ్లా. 'మీ షహాతా మామ తనే కోడిని పట్టుకొచ్చాడు, అలాంటి మనిషిని నేను చూడలేదు' అంది." ఆమె మేత కట్ట బిగించి పక్కన పడేసింది. "దారి పొడుగునా గాడిదకు నీ గురించే చెప్పా మామా. చూశావా, నోరు లేనివాడు అనుకున్నాం అని."

"మరి సభలో నువ్వే చెప్పి ఉండాల్సింది."

"ఎందుకు? నువ్వు ఉన్నావు కదా." మొదటిసారి నా వైపు చూసింది. "నేను చెబితే, తప్పించుకోడానికి కొట్టం మీద తోస్తోంది అనేవాళ్లు. నువ్వు చెబితే ఒక్క మాట చాలు. హిలాల్‌కి కబురు చెయ్యనా అని మా చెల్లెలు అడిగింది. అక్కర్లేదు, షహాతా మామ ఉన్నాడు అన్నా. అందుకే ఆ రోజు అంత ధీమాగా కూచున్నా. నవ్వా కూడా. గుర్తుందా?"

గుర్తుంది.

"నన్నేం చెయ్యమంటావో చెప్పు" అన్నాను.

ఆమె కొడవలి అంచును బొటనవేలితో చూసుకుంది.

"ఇరవై ఒకటో రోజు దాటాక, ఇంకా పెంకులోనే టకటకా కొట్టుకునే పిల్లను మీ కొట్టంలో ఏం చేస్తారు?"

ఆమెకు తెలుసు. పెంకుల కుప్పతో పాటు ఊడ్చి పారేస్తాం.

"పక్కకు జరుగు మామా" అంది. "మేత తొక్కుతున్నావు."